షాదీపూర్ కొయ్య ఇళ్లు: శిక్షాద్వీపంలో కాపురాలు వెలసిన తీరు

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీవిజయపురం అని పేరు మార్చింది. ఆ నగరపు దక్షిణ భాగంలో, సౌత్ పాయింట్‌కు చేరువగా ఉన్న పేట షాదీపూర్. హిందుస్తానీలో షాదీ అంటే పెళ్లి, పూర్ అంటే ఊరు. చుట్టుపక్కల పేటల పేర్లలో అబర్డీన్, హాడో వంటివి స్కాట్లండ్ నుంచి ఓడెక్కి వచ్చినవి. ఫీనిక్స్ బే వంటివి ఆంగ్ల నౌకాధికారులు పెట్టినవి. వాటి మధ్య పెళ్లి పేరు పెట్టుకున్న ఊరు ఒకటి ఉండడం యాదృచ్ఛికం కాదు. ద్వీపాంతర శిక్ష పడి సముద్రం దాటి వచ్చిన స్త్రీపురుషులు ఇక్కడ పెళ్లాడి కాపురాలు పెట్టుకున్నందువల్లనే ఆ పేరు స్థిరపడిందని స్థానికులు చెబుతారు.

అండమాన్ నిర్మాణ చరిత్ర అనగానే సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. ఆ తర్వాత రాస్ ద్వీపంలో మర్రివేళ్లు అల్లుకుపోయిన చర్చి, బంగళాల శిథిలాలు గుర్తుకు వస్తాయి. ఇవన్నీ ఇటుకతో, రాతితో పాలకులు కట్టించిన కట్టడాలు. ఖైదు ముగించుకుని బయటికి వచ్చిన మనిషి తన కోసం కట్టుకున్న ఇల్లు మాత్రం కొయ్యతో, ఆకుతో, తర్వాతి కాలంలో రేకుతో తయారైంది. దానికి శిలాఫలకం లేదు, ప్రవేశ రుసుము లేదు. నగరంలోని పాత పేటలలో ఆ తరహా ఇళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. వాటి నిర్మాణాన్ని అర్థం చేసుకోకుండా అండమాన్ సమాజం పుట్టుకను అర్థం చేసుకోవడం కష్టం.

పదేళ్ల తర్వాత దొరికే ఇల్లు

బ్రిటిష్ అధికారులు మొదట 1789లో ఈ రేవులో వలస స్థావరం నెలకొల్పి, తర్వాత దానిని ఉత్తరానికి తరలించి, రోగాలకు తట్టుకోలేక 1796లో ఎత్తివేశారు. 1857 తిరుగుబాటు తర్వాత దేశంలోని చెరసాలలు నిండిపోవడంతో ఈ దీవులు మళ్లీ గుర్తుకు వచ్చాయి. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. మొదట చాతమ్ ద్వీపంలో మకాం వేసి, తాగునీటి కొరత వల్ల రాస్ ద్వీపానికి మారారు. అడవి నరకడం, చిత్తడి నేలలు పూడ్చడం, బారకాసులు లేపడం అంతా ఖైదీల చేతనే జరిగింది.

శిక్షాస్థావరంలో బతుకు మెట్లుమెట్లుగా సాగేది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నాటికి స్థిరపడిన నియమాల ప్రకారం, యావజ్జీవ శిక్ష పడిన పురుషుడు తొలి ఆరు నెలలు సెల్యులార్ జైలులో ఒంటరి గదిలో గడపాలి. ఆపైన ఏడాదిన్నర ఉమ్మడి జైలు. తర్వాత మూడేళ్లు పగలు కూలిపని, రాత్రి తాళం వేసిన బారకాసు. మరో ఐదేళ్లు కూలిపని సాగిస్తూనే చిన్నపాటి పర్యవేక్షణ పనులకు అర్హుడయ్యేవాడు. మొత్తం పదేళ్లు సత్ప్రవర్తనతో గడిపితే టికెట్ ఆఫ్ లీవ్ లభించేది. అలా అనుమతి పొందినవారిని సెల్ఫ్ సపోర్టర్లు అనేవారు, అంటే తన కూడు తాను సంపాదించుకునే ఖైదీ. అతడు గ్రామంలో ఉండవచ్చు, సేద్యం చేయవచ్చు, పశువులను పెంచుకోవచ్చు, స్వదేశం నుంచి భార్యాబిడ్డలను రప్పించుకోవచ్చు, లేదా ఇక్కడే పెళ్లి చేసుకోవచ్చు. అనుమతి లేకుండా స్థావరం దాటడానికి మాత్రం వీల్లేదు. పని చేయకుండా ఖాళీగా ఉండడానికీ వీల్లేదు.

స్త్రీల కథ వేరు. వారి చెర సౌత్ పాయింట్‌లో ఉండేది. వారి సంఖ్య పురుషులతో పోలిస్తే చాలా స్వల్పం. హత్య, శిశుహత్య అభియోగాలపై శిక్షపడి వచ్చినవారు వారిలో ఎక్కువ. లోకనిందకు భయపడి బిడ్డను పోగొట్టుకున్న వితంతువులు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఐదేళ్లు చెరసాలలో గడిపిన తర్వాత పెళ్లి చేసుకునేందుకో, ఇంటిపనికి కుదిరేందుకో ఆమెకు బయటికి వచ్చే వీలు కలిగేది. టికెట్ పొందిన పురుషులు పెళ్లికూతురిని ఎంచుకోవడానికి చెరసాల ఆవరణకు వెళ్లేవారు, అధికారి అనుమతిస్తే పెళ్లి జరిగేది. నేటి దృష్టికి ఈ తంతు సంతలో బేరంలా కనిపిస్తుంది, ఆనాటి పాలకులు దానిని సంస్కరణ అన్నారు. ఆ స్త్రీకి జైలు గోడ దాటడానికి ఉన్న రెండు మూడు దారులలో ఒకటి కాపురం. షాదీపూర్ అనే పేరు వినగానే మంగళవాయిద్యాలు ఊహించుకునేవారు ఈ సంగతిని మరచిపోకూడదు.

కొత్తగా విడుదలైన సెల్ఫ్ సపోర్టర్‌కు మొదట్లో ప్రభుత్వం ఇల్లు, తిండి, పనిముట్లు సమకూర్చేది. మూడు నాలుగేళ్ల తర్వాత ఆ సాయం ఆగిపోయేది, పన్నుల భారం మొదలయ్యేది. ఇల్లు నిలబెట్టుకోవడం, మరమ్మతు చేసుకోవడం, పిల్లలు పుట్టాక మరో గది కలుపుకోవడం అంతా అతడి పని, అతడి ఖర్చు. 1901 నాటికి స్థావరంలో సుమారు 12 వేలమంది శిక్షితులు ఉండగా వారిలో కొద్ది భాగమే ఇలా సొంతకాళ్ల మీద నిలిచింది. పోర్ట్ బ్లెయిర్ గృహనిర్మాణ సంప్రదాయానికి పునాది వేసినది ఆ కొద్ది భాగమే.

రాయి ఉన్నా రాతి ఇల్లు లేదు

పోర్ట్ బ్లెయిర్ నేల కింద బూడిదరంగు ఇసుకరాయి ఉంది. సున్నానికి పగడపు రాయి ఉంది. దానిని బట్టీలలో కాల్చి సున్నం తీయడం స్థావరంలో ఒక ప్రధాన పరిశ్రమగా ఉండేది. ఇటుకలూ వాడుకలో ఉండేవి. అయినా సామాన్యుడి ఇంటికి రాయి చేరలేదు. కారణం ఒకటి కాదు.

రాతిని తవ్వడానికి, చెక్కడానికి, మోయడానికి పదులకొద్దీ చేతులు కావాలి. ఆ చేతులన్నీ ప్రభుత్వ పనుల్లో ఉన్నాయి. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఎంత శ్రమను మింగిందో దాని రూపమే చెబుతుంది. నడిమి బురుజు నుంచి ఏడు బారులు చక్రపు ఆకుల్లా చీలి, ఒక్కొక్కటి మూడంతస్తులుగా లేచాయి. మొత్తం సుమారు 700 గదులు. ఒక్కో గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. కిటికీ బదులు గోడకు పైన, చేతికందని ఎత్తులో ఒక గాలిరంధ్రం. ఒక బారు ముఖం పక్క బారు వీపును చూసేటట్లు అమర్చడం వల్ల ఎదుటి ఖైదీ ముఖం కనిపించే అవకాశమే లేదు.

రెండో కారణం అడవి. ఇంటి గుమ్మం దాటితే పడౌక్, గర్జన్, కోకో, పైన్మా వంటి మహావృక్షాలు ఉండేవి. వీటిలో ఎర్రని పడౌక్‌కు చెదలు పట్టవు, వానకు తొందరగా చివకదు. గర్జన్ ఎత్తుగా, నిటారుగా పెరుగుతుంది కాబట్టి పొడవైన దూలాలకు, పలకలకు అనువైనది. అయితే శుద్ధి చేయకపోతే దానికి పురుగు పడుతుంది. చాతమ్ ద్వీపంలో 1883లో రంపపు మిల్లు వెలసిన తర్వాత కోత పలకలు సులభంగా దొరకడం మొదలైంది. ఆసియాలో పాతవైన, పెద్దవైన రంపపు మిల్లులలో ఒకటిగా ఇది పేరుపొందింది. నేల చదును చేయడానికి ఎలాగూ చెట్లు కొట్టాలి, కొట్టిన చెట్టుతోనే ఇల్లు లేచేది.

మూడోది వాన. ఇక్కడ ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మే నుంచి డిసెంబరు వరకు రెండు ఋతుపవనాలూ వరుసగా తడుపుతాయి. విశాఖపట్నం వానపాతానికి ఇది దాదాపు మూడింతలు. ఇంత తేమలో మందమైన రాతిగోడ నెలల తరబడి ఆరదు, నాచు పడుతుంది, గది లోపల ముక్కవాసన వదలదు. పలకగోడ మాత్రం ఎండ తగిలిన గంటలోనే పొడిబారుతుంది.

ఇంటి ఎముకలు

నగరంలోని పాత పేటలలో మిగిలిన కొయ్య ఇల్లు చూడడానికి సాదాగా ఉంటుంది కానీ దాని వెనుక కచ్చితమైన లెక్క ఉంది. గుంజలను నేరుగా మట్టిలో పాతరు. రాతి లేదా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెడతారు. నేలనుంచి ఒకటి రెండు అడుగులు, పల్లపు చోట అంతకన్నా ఎక్కువ ఎత్తులో పలకల అంతస్తు పరుస్తారు. కింది ఖాళీ గుండా వాననీరు పారిపోతుంది, గాలి ఆడుతుంది, చెదలు పైకి పాకితే కంటికి కనిపిస్తుంది. గుంజలను కింద అడ్డకమ్ములు, పైన దూలాలు కట్టివేస్తాయి. ఒక కొయ్యకు తొలిచిన గాడిలో మరో కొయ్య కొనను బిగించి, మేకో చీలో దిగ్గొట్టడం పాత పద్ధతి. ఈ చట్రమే ఇంటి ఎముకల గూడు. గోడ అంటే ఆ గూటికి తొడిగిన చర్మం మాత్రమే, బరువు మోయదు. అందువల్ల ఒక పలక పాడైతే దానినొక్కదాన్నే ఊడదీసి మరొకటి వేసుకోవచ్చు.

పలకలను అడ్డంగా, పై పలక అంచు కింది పలక మీదికి వచ్చేటట్లు పరుస్తారు. చేప పొలుసుల మాదిరి ఈ అమరిక వల్ల నీరు లోపలికి దిగదు. గోడ పై భాగంలో, చూరు కింద సన్నని బద్దలను వాలుగానో, అడ్డదిడ్డంగానో అల్లి గాలి కోసం జాలీ వదులుతారు. వేడిగాలి పైకి లేచి అక్కడినుంచి బయటపడుతుంది. పేదవారి ఇళ్లలో పలక బదులు చీల్చిన వెదురు తడికలు ఉండేవి.

కప్పుకు తొలినాళ్లలో నీపా ఆకు వాడారు. తాటి జాతికి చెందిన ఈ చెట్టు ఉప్పునీటి కయ్యల ఒడ్డున పెరుగుతుంది, స్థానికులు దాని ఆకును ధనీపత్తీ అంటారు. ఆకుకప్పు చల్లగా ఉంటుంది, కానీ కొన్నేళ్లకోసారి మార్చాలి, నిప్పంటుకునే భయం ఉంది. ఓడలలో ముడతల రేకు రావడం మొదలయ్యాక అది నగరంలో ఆకును వెనక్కి నెట్టింది. రేకు తేలిక, త్వరగా పరవవచ్చు, పడిన ప్రతి చుక్కనూ తొట్టిలోకి మళ్లించవచ్చు. మధ్యాహ్నపు వేడి, వానాకాలపు హోరు మాత్రం రేకుతో పాటే ఇంట్లోకి వచ్చాయి. వాలు ఎక్కువగా ఉన్న కప్పు, ముంగిట ముక్కోణపు గోడ, ఆ ముక్కోణం అంచున చెక్కిన పలక: పాత ఇంటిని వీధిలోంచే పోల్చుకోవడానికి ఈ మూడు గుర్తులు చాలు. స్థావరానికి బర్మా నుంచి కూడా ఖైదీలు వచ్చారు. కొయ్య ఇళ్లకు పేరుపొందిన దేశం అది.

ఇంటికి ముఖం వసారా. వీధికి అభిముఖంగా, ఇంటి వెడల్పంతా సాగి, నడుమెత్తు కటకటాలతో ఉంటుంది. వంటిల్లు వెనుక విడిగా ఉంటుంది, నిప్పు రవ్వ పడినా పెద్దింటికి ముప్పు రాకూడదని. సెల్యులార్ జైలులోనూ ప్రతి అంతస్తులో గదుల ముందు పొడుగాటి వసారా ఉంది. అక్కడ అది కాపలావాడు నడవడానికి. ఖైదీ కమ్మీల వెనకనుంచి అతడి అడుగుల చప్పుడు వినేవాడు. పదేళ్ల తర్వాత అదే ఖైదీ తన ఇంటికి వసారా కట్టుకుని సాయంత్రం దాని మీద తనే కూర్చున్నాడు. రెండు కట్టడాలలోనూ పేరు ఒకటే. ఎవరు ఎవరిని చూస్తున్నారన్నదే తేడా.

ఆ వసారాల మీదనే కొత్త సమాజం పుట్టింది. భర్త ఒక రాష్ట్రంవాడు, భార్య మరో రాష్ట్రం మనిషి, కులాలు వేరు, ఇంటిభాషలు వేరు. ఇద్దరికీ పొత్తు కుదిరిన మాట హిందుస్తానీ. పిల్లలకు అదే తల్లిభాష అయింది. వీరి సంతతిని లోకల్ బార్న్ అని, 1942కు ముందే ఇక్కడ స్థిరపడినవారి వంశీకులను ప్రీ ఫార్టీటూ అని నేటికీ పిలుస్తారు.

కంపించినప్పుడు

1941 జూన్ 26న అండమాన్‌ను తీవ్ర భూకంపం కుదిపేసింది. రాస్ ద్వీపంలోని కట్టడాలు బీటలు వారాయి, సెల్యులార్ జైలు కూడా దెబ్బతిన్నది. మరుసటి సంవత్సరం మార్చి 23న జపాన్ సైన్యం దిగింది, చాతమ్ మిల్లు మీద బాంబులు పడ్డాయి. 1945 అక్టోబరులో బ్రిటిష్ వారు తిరిగి వచ్చినా రాస్ మళ్లీ రాజధాని కాలేదు. అక్కడి రాతిగోడలను ఇప్పుడు పట్టి నిలిపి ఉంచినవి మర్రిజాతి చెట్ల వేళ్లే. సెల్యులార్ జైలు ఏడు బారులలో మూడే మిగిలాయి. దానిని 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా ప్రకటించారు.

దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా ఉన్న ప్రాంతాలలో ఈ దీవులు ఉన్నాయి. 2002 సెప్టెంబరులో ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతం కంపించినప్పుడు, 2004 డిసెంబరు 26న మహాభూకంపం, దాని వెంట సునామీ వచ్చినప్పుడు, ఇంజనీర్లు చేసిన పరిశీలనలలో ఒక విషయం మళ్లీ మళ్లీ బయటపడింది. సంప్రదాయ కొయ్య ఇళ్లు కంపనాన్ని బాగా తట్టుకున్నాయి. సరైన కట్టుబడి లేని ఇటుక, కాంక్రీటు దిమ్మెల గోడలు, నాసిగా కట్టిన కాంక్రీటు భవనాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి.

ఇందులో మాయ లేదు. భూమి ఊగినప్పుడు భవనం మీద పడే బలం దాని బరువును బట్టి ఉంటుంది. కొయ్య చట్రం తేలిక. గాడిలో బిగించిన అతుకులు కొద్దిగా కదిలి, కిర్రుమని రాసుకుని ఆ శక్తిని ఖర్చు చేస్తాయి. రాతిగోడకు బరువు ఎక్కువ, సాగే గుణం తక్కువ. మూలల దగ్గర గోడకూ గోడకూ పట్టు లేకపోతే పలక పడినట్టు బయటికి పడిపోతుంది. అలాగని కొయ్య ఇల్లు అన్నిటికీ విరుగుడని అనుకోవడం పొరపాటు. గుంజ అడుగు చివికిపోతే, లేదా దిమ్మెకు గట్టిగా బిగించకపోతే ఇల్లు పీఠం మీదనుంచి జారిపోతుంది. తుపాను గాలికి రేకులు ఎగిరిపోతాయి. సముద్రం లేచి వస్తే తేలికగా ఉండడమే దానికి శాపం. 2004లో దక్షిణ అండమాన్ తీరం సుమారు ఒక మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ శివారులోని సిప్పీఘాట్ వంటి పల్లపు నేలలు అప్పటినుంచి ఉప్పునీటిలోనే ఉండిపోయాయి. అక్కడ ఇల్లు రాతిదైనా కొయ్యదైనా ఒకటే అయింది.

సునామీ బాధితులకు మొదట వరుసలుగా రేకు గదులు కట్టించారు. వాటిలో వేడికి మనుషులు ఉడికిపోయారు. తర్వాత దీవులన్నిటిలో కలిపి దాదాపు పది వేల శాశ్వత గృహాలు నిర్మించారు. వాటికి కావలసిన సామగ్రిలో అధికభాగం ప్రధాన భూభాగం నుంచి ఓడలలో వచ్చింది. నికోబార్‌లో గుండ్రటి కప్పుతో, ఎత్తైన గుంజల మీద నిలిచే సంప్రదాయ కుటీరాలలో ఉమ్మడిగా బతికిన కుటుంబాలు ఆ కొత్త ఇళ్లలో విడివిడిగా సర్దుకోవలసి వచ్చింది.

వరుస ఇల్లు తెలుగువారికి కొత్త కాదు

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. వీరిలో పెక్కుమంది ఉత్తరాంధ్ర తీరంనుంచి చేపలవేటకు, భవన నిర్మాణానికి, వ్యాపారానికి వచ్చినవారు. విశాఖపట్నం నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల ఈ ప్రయాణానికి ఓడలో రెండున్నర మూడు రోజులు పడుతుంది. వీరికన్నా ముందు మరో రకం తెలుగువారు ఇక్కడికి వచ్చారు. 1922-24 నాటి రంప తిరుగుబాటులో శిక్షపడిన మన్యం పోరాటయోధులలో కొందరిని ఈ దీవులకే పంపారు.

శ్రీకాకుళం జిల్లా కొండలలో సవరలు రాతిముక్కలను మట్టితో పేర్చి, గోడకు గోడ ఆనించి, వీధి పొడవునా ఒకే కప్పు కింద ఇళ్లు కడతారు. ఎర్రమట్టితో అలికిన ఆ గోడల ముందు అరుగు ఒక ఇంటినుంచి మరో ఇంటికి తెగకుండా సాగుతుంది. మైదానపు ఊళ్లలోనూ పెంకుటిళ్ల వసారాలు ఒకదానికొకటి కలిసి నీడబారుగా కనిపిస్తాయి. ఈ వరుసలకు కారణం స్థలం పొదుపు, గోడ ఖర్చు పొదుపు, మీదుమిక్కిలి బంధుత్వం. అండమాన్ పాత పేటలలో మాత్రం కొయ్య ఇల్లు సాధారణంగా నాలుగు వైపులా గాలి ఆడేలా విడిగా నిలుస్తుంది. నిప్పు భయం ఒక కారణం. పక్కింటివాడు బంధువు కాకపోవడం మరో కారణం కావచ్చు.

ఇంగ్లండ్‌లో ఇటువంటి సామాన్యుల వరుస ఇంటికి పేరుపొందిన ఉదాహరణ కాట్స్‌వోల్డ్ కొండలలో, బైబరీ గ్రామంలో ఉంది. ఆర్లింగ్టన్ రో అని పిలిచే ఆ రాతి వరుస 1380 ప్రాంతంలో మఠానికి చెందిన ఉన్ని కొట్టుగా పుట్టి, 17వ శతాబ్దంలో నేతపనివారి ఇళ్లుగా మారింది. స్థానిక సున్నపురాయి గోడలు, అదే రాతి పలకలతో నిట్టవాలు కప్పు. పలకలు చూరు దగ్గర పెద్దవిగా ఉండి పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఎదుటి పచ్చికబయలులో ఉతికిన బట్టను ఆరవేసేవారు. మఠపు కొట్టు కూలివారి కాపురాలకు నెలవైనట్టే, ఇక్కడ శిక్షాస్థావరపు నేల షాదీపూర్ అయింది. ఆ వరుస ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ సంరక్షణలో ఉంది, అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. లోపల మనుషులు నివసిస్తున్న చిన్న ఇళ్లకు కూడా రాజప్రాసాదంతో సమానమైన రక్షణ కల్పించే చట్టం అక్కడ ఉంది.

మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం నూరేళ్లకు పైబడిన, జాతీయ ప్రాముఖ్యం గల నిర్మాణాలను ఉద్దేశించినది. మార్పులు, మరమ్మతులు, చేర్పులతో తరాలుగా వాడుకలో ఉన్న ఒక రేకు కప్పు ఇల్లు ఆ నిర్వచనంలో ఇమడడం కష్టం.

కొయ్య ఎందుకు తగ్గింది

ఈ ఇళ్లు కనుమరుగు కావడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణమని అనలేము. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు 2002 మేలో ఇచ్చిన ఉత్తర్వులు దీవులలో చెట్ల నరికివేతను కట్టుదిట్టం చేశాయి. అడవి నిలబడాలంటే అది అవసరమే. ఆ తర్వాత కలప స్థానిక అవసరాలకు పరిమితంగానే లభిస్తోంది. ఒకప్పుడు పేదవాడి సామగ్రిగా ఉన్న పడౌక్ ఖరీదైన వస్తువయింది. అదే ఉత్తర్వులు తీరపు ఇసుక తవ్వకాన్ని కూడా దశలవారీగా తగ్గించమన్నాయి. సిమెంటు, ఉక్కు సముద్రం మీదుగా రావలసిందే. కొయ్యా సులభం కాదు, కాంక్రీటూ చవక కాదు. అయినా స్థలం ధర పెరిగిన నగరంలో రెండు మూడంతస్తులు లేపి అద్దెకివ్వాలంటే కాంక్రీటే దారి. కొయ్య ఇంటికి అది కష్టం. చెక్క ఇల్లు పేదరికానికి గుర్తు అన్న భావన కూడా బలంగా పనిచేస్తోంది. ఆ ఇంట్లో పుట్టి పెరిగి, ప్రతి వానాకాలానికీ పలకలు మార్చి విసిగినవారు కాంక్రీటు కోరుకుంటే తప్పుపట్టే హక్కు పర్యాటకుడికి లేదు.

కానీ ఒక ఇంటిని విప్పివేసే ముందు దానిని చదవవచ్చు. పలకను దీపపు వెలుగులో పక్కగా పట్టి చూస్తే రంపపు గీతలు కనిపిస్తాయి. ఎగుడుదిగుడుగా, వంకర లేకుండా ఉన్న గీతలు ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి చేతిరంపంతో కోసినవి. విల్లులా వంగిన గీతలు మిల్లులోని గుండ్రటి రంపానివి, కాబట్టి అటువంటి పలక చాతమ్ మిల్లు రోజుల తర్వాతిదై ఉండే అవకాశమే ఎక్కువ. మేకు తల చతురస్రంగా, కాడ పలకగా ఉంటే పాతది, గుండ్రటి తీగమేకు అయితే తర్వాతిది. దూలానికి ఇప్పుడు పనికిరాని గాడి కనిపిస్తే ఆ కొయ్య అంతకుముందు మరో కట్టడంలో పనిచేసి వచ్చిందని అర్థం. వసారా ఏ దిక్కుకు తెరుచుకుందో, వంటిల్లు ఎంత దూరాన ఉందో, గదులు ఏ వరుసలో కలిశాయో ఒక కాగితం మీద కొలతలతో గీసుకోవడానికి పూట చాలు. ఫొటోలు తీయడానికి అంత సమయం కూడా అక్కరలేదు. గుంజలు ఊడదీసిన మర్నాటి నుంచి ఈ వివరాలు చెప్పగలిగినది ఆ పేటలో మరేదీ ఉండదు.